ఎవరికీ లేని పేరు

కూర్మన్నపాలెం జంక్షన్ నుంచి మా అపార్ట్‌మెంటుకి వచ్చే దారిలో ఒక పాలవాళ్ళ పాక ఇంకా మిగిలి ఉంది. చుట్టూ నాలుగేసి అంతస్తుల ఇళ్ళు లేచినా దాన్ని ఎందుకో ఎవరూ కదపలేదు. సాయంత్రం గేదెలకి కుడితి కలిపే వేళ ఆ ఇంటావిడ గోనెసంచి మూతి విప్పి తొట్టిలో తవుడు పోస్తుంది. అప్పుడు లేచే వాసన, ఎండిన వరిగడ్డిదీ పాత గోనెదీ కాస్త పులిసిన గంజిదీ కలగలిసిన వాసన, రోడ్డు దాకా వస్తుంది. నడకకి వెళ్ళేవాళ్ళు ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని వేగం పెంచుతారు. నేను ఆగిపోతాను. యాభై దాటిన మనిషిని, చేతిలో కూరల సంచీతో ఎవరింటి ముందో అలా నిలబడటం బాగుండదని తెలిసినా కదలలేను. నా పేరు ఆ తవుడులోంచి వచ్చిందే. నా పేరు తవిటమ్మ.

నాకు ముందు అమ్మకి ఇద్దరు పుట్టి పోయారు. వాళ్ళ పేర్లు మంచివే, దేవుళ్ళవి. అందుకని నేను పుట్టినప్పుడు మా మామ్మ, అంటే నాన్న తల్లి, నన్ను చేటలో పడుకోబెట్టి ఎదురింటి గేదెలావిడకి ఇచ్చేసింది. ఈ పిల్ల మాకొద్దు, తీసుకుపో అని గట్టిగా, వీధంతా వినేలా చెప్పిందట. ఆవిడ నన్ను తన గుమ్మంలో పెట్టుకుంది. కాసేపాగి మామ్మ చేటెడు తవుడు పట్టుకెళ్ళి, ఆవిడకిచ్చి నన్ను కొనుక్కొచ్చింది. ఇక నేను మా ఇంట్లో పుట్టిన పిల్లను కాను, తవుడికి కొన్న పిల్లను. మృత్యువు వెతుక్కుంటూ వచ్చినా ఇంత చవక సరుకు నాకెందుకని గుమ్మంలోంచే వెనక్కి పోతుందని వాళ్ళ నమ్మకం. మా వైపు ప్రతి నాలుగిళ్ళకీ ఒక తవిటమ్మో తవిటయ్యో తవిటినాయుడో ఉండేవారు. అంటే అన్ని ఇళ్ళలోనూ అంతకు ముందు పోయిన పిల్లలున్నారన్న మాట.

మాది కంచరపాలెం, రైలు పట్టాల పక్క వీధి. పెంకుటిళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు ఉండేవి. పోర్టు నుంచి గాలి ఇటు తిరిగిందంటే తీగ మీద ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి తుప్పురంగు తిరిగేవి. గూడ్సు బండి వెళ్ళినంతసేపూ అమ్మ పొయ్యి మీద గిన్నె మూత టకటకలాడేది. ఎండాకాలం మధ్యాహ్నాలు జీడిమామిడి పళ్ళు ఉప్పద్దుకు తిని గొంతు పట్టేసి దగ్గుతూ తిరిగేవాళ్ళం. ముంజలు, ఆ తరవాత పనస తొనలు, చలి మొదలయ్యేసరికి కాల్చిన తేగలు, పొద్దున్నే చోడి అంబలిలో నంజుకోడానికి పచ్చి ఉల్లిపాయ. ఏ నెల ఏది తిన్నామో నాలుక చెప్పేది, క్యాలెండరు చూడక్కర్లేదు.

సింహాచలం కొండ కనిపించే ఊరు కాబట్టి ఇంటికొక బిడ్డ పేరైనా ఆ కొండ దేవుడు అప్పన్నదే. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, అప్పలకొండ. సింహాచలం అన్న పేరైతే ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ కూడా. మా పిల్లలకి ఒక ఆట ఉండేది. వీధి మొదట్లో గోడెక్కి “ఓ అప్పలరాజో” అని అరిచి ఎన్ని ఇళ్ళలోంచి ఓయ్ అని వినిపిస్తుందో లెక్కపెట్టేవాళ్ళం. ఆదివారమైతే ఏడెనిమిది. అంతమందిని విడదీయడానికి పేరు ముందు ఏదో ఒకటి తగిలించేవారు. గేటు అప్పలరాజు, చెరుకురసం అప్పలరాజు, మెల్లకన్ను అప్పలరాజు. మా నాన్న పోర్టులో ఖలాసీ, ఓడల మీద తాళ్ళూ గొలుసులూ లాగే పని. అందుకని ఖలాసీ అప్పలరాజు. వెనక వీధిలోనూ ఒక ఖలాసీ అప్పలరాజు ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు.

నేను బడికి వెళ్ళే నాటికి కొత్త పేర్లు రావడం మొదలైంది. ఒక సినిమా బాగా ఆడిందంటే ఆ ఏడు పుట్టిన ఆడపిల్లలందరికీ హీరోయిన్ పేరే. టీచరు హాజరు పిలుస్తుంటే ఏ ఏడు ఏ బొమ్మ ఆడిందో తెలిసిపోయేది. స్టీల్‌ప్లాంటు పనులు మొదలయ్యాక ఉత్తరాది నుంచి వచ్చిన ఆఫీసర్ల ఇళ్ళలో పనికి వెళ్ళే ఆడవాళ్ళు సాయంత్రం ఇంటికొస్తూ పింకీలనీ బబ్లూలనీ కొంగున కట్టుకొచ్చేవారు. పేరు కూడా తట్టు లాంటిదే. ఒకింట్లో కనిపించిందంటే నెల తిరక్కుండా వీధంతా పాకేది. వాటన్నిటి మధ్య టీచరు తవిటమ్మా అని పిలిస్తే వెనక బెంచీలు నవ్వేవి. ఇంటికొచ్చి ఏడిస్తే మామ్మ నా తల నిమిరి, “నవ్వనీయే. ఆ పేరే నిన్ను కాసింది” అనేది. నేను నమ్మాను.

నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ మళ్ళీ నీళ్ళోసుకుంది. ఐదో నెలలో ఉండగా, వడగాడ్పులు కొడుతున్న ఒక మధ్యాహ్నం, ఇద్దరు మనుషులు సైకిళ్ళు గోడకి ఆనించి గుమ్మంలో నిలబడ్డారు. తలకి చుట్టుకున్న తువ్వాళ్ళు తీసి చేతుల్లో పట్టుకున్నారు.

“అమ్మా, ఖలాసీ అప్పలరాజు ఇల్లు ఇదేనా?”

“ఇదే. ఏటి బాబూ?”

వాళ్ళలో పెద్దవాడు నేల చూస్తూ చెప్పాడు. “సైకిలు మీదెల్తంటే లారీ గుద్దీసిందమ్మా. పేనం పోయింది.”

అమ్మ నిలబడ్డచోటే కూలబడింది. మామ్మ గుండెలు బాదుకుంటూ వీధిలోకి వచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి చుట్టూ చేరి ఏడుపు అందుకున్నారు. నా చేతిలో జీడిమామిడి పండుంది. రసం మోచేతి దాకా కారుతోంది. దాన్ని పారెయ్యాలో తినాలో తెలియక అలాగే పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాను. ఎంతసేపు గడిచిందో తెలియదు. నాన్న రోజూ లాగే క్యారేజీ చేత్తో ఊపుకుంటూ వీధిలోకి వచ్చాడు. గుమ్మం ముందు జనాన్ని చూసి, “ఏటయ్యింది? ఎవులు పోనారు?” అని అడిగాడు.

అమ్మ నవ్వింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే, కడుపు రెండు చేతులతో పట్టుకుని, పెద్దగా నవ్వింది. అంత గట్టిగా ఆవిడ నవ్వడం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. ఆ నవ్వు ఆగకముందే వెనక వీధిలోంచి కేక లేచింది. కబురు తెచ్చినవాళ్ళు అప్పటికే పొరపాటు తెలుసుకుని అసలు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. ఆ తరవాత చాలాకాలం, వెనక వీధి ఆవిడ కుళాయి దగ్గర కనిపిస్తే అమ్మ ఖాళీ బిందెతో ఇంటికొచ్చేసేది.

వారం పోయాక ఒకరోజు నాన్న అన్నం ముందు కూర్చుని, “నా పేరు నాది కాదే. ఎవుడి సావో నా గుమ్మంలోకొచ్చింది” అన్నాడు అమ్మతో. “పుట్టబోయేదానికి ఎవులికీ లేని పేరెడతాను. దాని మంచీ చెడ్డా దానికే రావాల. ఇంకోల్ల కబురు దీని గుమ్మం తొక్కకూడదు.”

మర్నాడు ఆదివారం నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ద్వారకా నగర్ తీసుకెళ్ళాడు. అక్కడ ఒక తెలుగు మాస్టారు పిల్లలకి ట్యూషన్లు చెప్పేవారు. నాన్న చెప్పులు బయట విడిచి, కుర్చీ వెయ్యబోతే వద్దని, నేల మీదే కూర్చుని వచ్చిన పని చెప్పాడు. మాస్టారు నవ్వకుండా విన్నారు. కళ్ళు మూసుకుని ఒక్కొక్క పేరే చెబుతున్నారు. ప్రతి పేరుకీ నాన్న, “ఇది ఎవులికైనా ఉందేటండీ?” అని అడుగుతున్నాడు. ఉంది అంటే తల అడ్డంగా ఊపుతున్నాడు. చివరికి మాస్టారు ఒక కాగితం ముక్క మీద రాసి ఇచ్చారు.

“ఆద్య. మొట్టమొదటిది అని అర్థం. నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఈ పేరున్న పిల్లని చూడలేదు, అప్పలరాజూ.”

“మగపిల్లోడైతేనో?”

“అప్పుడు మళ్ళీ రా.”

నాన్న ఆ కాగితం జేబులో పెట్టుకున్నాడు. ఇల్లు చేరేదాకా పెడలు తొక్కిన ప్రతిసారీ ఆద్య, ఆద్య అని నా తల మీదుగా గొణుగుతూనే ఉన్నాడు.

ఆడపిల్లే పుట్టింది. ఇరవై ఒకటో రోజున, బారసాలకి, ఇంట్లో చలిమిడి వాసన, ఉడికిన బొబ్బర్ల వాసన, గుమ్మం నిండా చెప్పులు. మామ్మ వెనక గుమ్మంలోంచి చేటలో తవుడు పట్టుకుని వచ్చింది.

“వద్దమ్మా” అన్నాడు నాన్న.

“పేరు నీకు నచ్చిందే ఎట్టుకో నాయనా. నాను కాదంతానా? ఒక్కసారి ఎదురింట్లో ఇచ్చి తెచ్చుకుందాం.”

“ఇది మన పిల్ల. మన పిల్లని మనం కొనుక్కోడమేటి?”

మామ్మ చేతిలోంచి చేట తీసుకుని, వీధి దాటి, తవుడంతా ఎదురింటి గేదెల తొట్టిలో వంచేసి వచ్చాడు. మామ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రానికి ఉయ్యాల దగ్గరకొచ్చి కూర్చుంది గానీ ఆ పేరు ఆవిడ నాలుకకి ఎక్కలేదు. రెండు మూడు సార్లు ప్రయత్నించి, “ఆదెమ్మా” అని పిలిచింది. ఎవరికీ లేని పేరు తెస్తే ఊరందరికీ ఉన్న పేరు చేసేసిందని నాన్న తల పట్టుకున్నాడు. ఆ రోజు నవ్వని వాళ్ళు లేరు.

ఆద్య నల్లగా, సన్నగా, పెద్ద కళ్ళతో ఉండేది. నిలకడ లేని పిల్ల. గూడ్సు బండి వస్తే పెట్టెలు లెక్కపెడతానని గుమ్మంలోకి పరుగెత్తేది. ఇరవై దాటితే అంకెలు రాక, ఇరవై, ఇరవై, ఇరవై అంటూ బండి వెళ్ళిపోయేదాకా లెక్కపెడుతూనే ఉండేది. మామ్మ ముడతలు పడ్డ బొటనవేలితో ఉల్లిపాయ చిదిమి అంబలిలో వేస్తే, దాని గిన్నెలో మాత్రం ఉల్లిపాయ ఉండకూడదు. చేపలు అమ్మే ఆవిడ వస్తే ఆవిడ బుట్ట పక్కనే కూర్చుని ప్రతి చేపకీ పేరు పెట్టేది. అన్నీ మా వీధి వాళ్ళ పేర్లే. అప్పలనర్సమ్మని కొనకే, అది పెద్దది, సింహాచలం చాలు అని అమ్మతో అనేది. ఆవిడ నవ్వి నవ్వి బుట్ట ఎత్తుకోలేకపోయేది.

గోడెక్కి పేర్లు పిలిచే ఆటకి దాన్నీ తీసుకెళ్ళేవాళ్ళం. ఆద్యా అని పిలిస్తే వీధి మొత్తంలో పలికేది అదొక్కతే, అదీ మా పక్కనే గోడ మీద కూర్చుని, చెవులు గింగురుమనేలా. “నాకు ఒక్కటే వచ్చింది, నానే గెలిసేను” అనేది. ఎక్కువ మంది పలికినవాళ్ళు గెలిచినట్టని ఎంత చెప్పినా ఒప్పుకునేది కాదు. నాలుగేళ్ళు నిండాక దాని పేరు రాయడం నేనే నేర్పాను. గోడకి పట్టిన పోర్టు దుమ్ము మీద వేలితో రాయించేదాన్ని. ఆ వచ్చేది. ద వచ్చేది. కింద య వత్తు ఎప్పుడూ తిరగబడి, తోక పైకి లేచేది. నాన్న పని నుంచి వచ్చి, గోడ మీద ఆ తిరగబడ్డ వత్తు చూసుకుని, కాళ్ళు కడుక్కోకుండా అక్కడే కాసేపు నిలబడేవాడు.

ఐదో ఏడు దాటి రెండు నెలలైంది. కార్తీకం ముసురు. వీధిలో చాలామంది పిల్లలకి జ్వరాలొచ్చాయి, చాలామందికి తగ్గాయి. దీనికి తగ్గలేదు. నాలుగో రోజు నాన్న భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి నడిచాడు. వెనక అమ్మ, ఆవిడ కొంగు పట్టుకుని నేను. రెండు రోజులు అమ్మని లోపల ఉండనిచ్చారు. మూడో రోజు పొద్దున్న అందర్నీ బయట కూర్చోమన్నారు. వరండా నిండా మాలాంటి వాళ్ళే, తడిసిన గొడుగులు, స్టీలు టిఫిన్లు, ఎక్కడో ఫినాయిలు, ఎక్కడో ఇడ్లీ వాసన. పది గంటల వేళ నర్సు చేతిలో కాగితంతో తలుపు దగ్గరకి వచ్చింది.

“ఆద్య తాలూకు ఎవరమ్మా?”

ఆవిడ గొంతులోనే తెలిసిపోయింది. అమ్మకి తెలిసింది, నాకూ తెలిసింది. నాన్న లేవలేదు. మెల్లగా తల తిప్పి వరండాలో కూర్చున్న ఒక్కొక్కరి మొహం చూశాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఎవరైనా లేస్తారేమోనని చూస్తున్నాడని నాకు అప్పుడు అర్థం కాలేదు. ఎవరూ లేవలేదు. ఆవిడ మళ్ళీ పిలిచింది.

నాన్న లేచి దగ్గరకి వెళ్ళి, చాలా నెమ్మదిగా అడిగాడు. “ఇంకో ఆద్య ఉందేమో సూడండమ్మా.”

ఆవిడ నిజంగానే కాగితం పై నుంచి కింద దాకా చూసింది. “లేదు నాయనా. ఈ పేరు ఒక్కటే ఉంది.”

ఆ తరవాత ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. వీధిలోనూ వినిపించలేదు. వెనక వీధి అప్పలరాజు పోయినా ఆయన పేరు రోజుకి పదిసార్లు ఎవరో ఒకరు పిలుస్తూనే ఉండేవారు. వాళ్ళావిడ ఒకసారి ఆ మాటే అందట, పిలుపు వింటే ఇంకా ఉన్నట్టే ఉంటుందని. మాకు ఆ పాటి కూడా మిగల్లేదు. గోడ మీద రాత వానకి పోయింది.

నెల తరవాత అనుకుంటాను, మామ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. నాన్న వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. నేను అక్కడే గచ్చకాయలు పట్టుకుని ఊరికే ఉన్నాను.

“అమ్మా, ఆ తవుడు పోసుంటే బతికేదేటే?”

మామ్మ రాళ్ళు ఏరుతూనే ఉంది. ఏరిన రాయి ఒకటి వీధిలోకి విసిరి అంది. “నీ కింద ఇద్దరు తమ్ముళ్ళు, నీకు గురుతుండదు. ఇద్దరికీ పోసేను రా. పేర్లు కూడా తవుడు పేర్లే ఎట్టేను.”

తప్పు నీదేనని ఆవిడ అంటే తిట్లు తిని, ఆ తప్పు పట్టుకుని బతుకుదామని నాన్న వచ్చినట్టున్నాడు. అది కూడా ఆవిడ ఇవ్వలేదు. ఆయన కంటే నాకు పెద్ద దెబ్బ తగిలింది ఆ రోజు. నా పేరు నన్ను కాసిందని అప్పటిదాకా నమ్మాను. నన్ను ఏదీ కాయలేదు. ఊరికే మిగిలిపోయాను. నాకెందుకు దక్కింది, దానికెందుకు దక్కలేదు అంటే జవాబు చెప్పే తవుడు ఎక్కడా లేదు.

అమ్మ పోయింది, మామ్మ అంతకు ముందే పోయింది. నా పెళ్ళయ్యి స్టీల్‌ప్లాంటు ఉద్యోగి ఇంటికి వచ్చాను. నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. నాలుగేళ్ళ క్రితం మా అపార్ట్‌మెంటులోకి ఒక కుటుంబం దిగింది. సాయంత్రం ఆ తల్లి కింద నుంచి “ఆద్యా, ఇటు రా” అని కేకేసింది. బాల్కనీలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న నాన్న చేతులు ఆగిపోయాయి. మెట్ల కమ్మీ పట్టుకుని రెండంతస్తులు దిగి వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను. ఆ పిల్లని, తెల్లగా బొద్దుగా ఉన్న పిల్లని, కళ్ళార్పకుండా చూసి, “ఈ పేరెవులు సెప్పేరమ్మా?” అని తల్లిని అడిగాడు.

“ఫోన్లో చూసి పెట్టాం తాతగారూ. ఎవరికీ లేని పేరు ఉండాలని మా ఆయన పట్టుదల” అందావిడ, సంతోషంగా.

నాన్న ఆ పూట తినలేదు. ఏడాది తిరిగేసరికి రెండో ఆద్య వచ్చింది, ఆ తరవాత మూడోది. జంక్షన్లో స్కూలు ఆటో ఆగితే ఇద్దరు దిగుతారు. ఏ పిలుపు వినిపించినా నాన్న తల అటు తిరిగేది.

మొన్న మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. భార్యాభర్తలిద్దరూ రోజంతా ఫోన్లో పేర్లు వెతుకుతున్నారు. నలభై ఏళ్ళుగా పలకని పేరు నేను ధైర్యం చేసి పలికాను. ఆద్య అని పెడితే ఎలా ఉంటుందే అన్నాను.

మా అమ్మాయి ఫోన్లోంచి తల ఎత్తలేదు. “అది చాలా కామన్ అమ్మా. ఈ బిల్డింగులోనే ముగ్గురున్నారు. ఎవరికీ లేనిది కావాలి.”

దానికి ఒక పిన్ని ఉండేదని మేం ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు చెబుదామనుకున్నాను. పురిటి ఇంట్లో, పాలు తాగుతున్న పిల్లని ఒళ్ళో పెట్టుకున్న దానికి ఏమని చెప్పను? అవునులే అన్నాను. చివరికి వాళ్ళు ఒక పేరు పట్టుకున్నారు. దాన్ని ఇక్కడ రాయను. లోకంలో ఎవరికీ లేదని మురిసిపోతున్నారు, మురవనీ.

బారసాల రోజున హాలు నిండా బెలూన్లు, గోడ మీద మెరిసే కాగితపు అక్షరాలు. ముత్తాత ఉండటం అదృష్టమని, పాప చెవిలో పేరు ఆయన చేతే చెప్పించాలని అందరూ అన్నారు. నాన్నకి ఆ పేరు రెండు రోజుల నుంచి నేర్పిస్తున్నారు. ఆయన వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, మూడుసార్లు పెదవులు కదిపి లేచాడు. అంతా చప్పట్లు కొట్టారు.

జనం భోజనాలకి వెళ్ళాక అడిగాను. “చెవిలో ఏటి సెప్పేవు నాన్నా?”

“ఏటీ సెప్పలేదు. ఊదేను, అంతే.” పెదవులు తుడుచుకుని అన్నాడు. “నా నోటితో ఇంకెవులికీ పేరెట్టనమ్మా.”

కంచరపాలెంలో మా వీధి ఇప్పుడు లేదు, పెంకుటిళ్ళు లేవు, గోడ లేదు. ఏ బడి హాజరు పట్టీలోనూ అప్పలనర్సమ్మ లేదు, తవిటమ్మని నేనే ఆఖరిదాన్నేమో. మా ఆద్యకి ఫోటో కూడా లేదు. నల్లగా ఉండేదని, ఇరవై దాటితే లెక్క వచ్చేది కాదని తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం. ఆ సాయంత్రం నాన్నకి బాల్కనీలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కింద ఎవరో తల్లి, ఆద్యా, చీకటి పడుతోంది, రా అని పిలిచింది. నాన్న తల తిప్పలేదు.